గోదావరా... కృష్ణా?

కార్తీక మాసం, ఆదివారం పొద్దున్న. తారీఖు 2024 నవంబరు 24. కపిలేశ్వరపురంలో సగం ఊరు వనభోజనాల హడావుడిలో ఉంది. గుండిగలు ఆటో ఎక్కుతున్నాయి. అరటాకుల కట్టలు సైకిళ్ల మీద తోటలకి వెళ్తున్నాయి. ఓ ఇంట్లో తాతయ్య మాత్రం పడక్కుర్చీలోంచి కదల్లేదు. ఆయన ఒళ్లో ఓ పాత క్యాలెండరు కాగితం. దాని వెనకవైపు స్కేలు పెట్టి గీసిన గళ్లు, గళ్లలో పేర్లు, పేర్ల పక్కన అంకెలు. రిటైరైన మాస్టారు కదా... ఏది రాసినా మార్కుల జాబితాలానే ఉంటుంది!

ఆ జాబితా దేనికంటే, ఆ మధ్యాహ్నం మూడున్నరకి సౌదీ అరేబియాలోని జెద్దాలో ఐపీఎల్ వేలం. మూడేళ్లకోసారి జరిగే పెద్ద వేలం. పది జట్లు కూర్చుని ఆటగాళ్లని పాట పాడుకుంటాయి. హైదరాబాద్ సన్‌రైజర్స్ ఎవరిని కొనాలో, ఎంతకి కొనాలో తాతయ్య రెండు రోజులుగా తేలుస్తున్నారు. ఆ జట్టు యజమానులకి ఈయనెవరో తెలీదు. తెలియాల్సిన అవసరం ఉందని ఆయనా అనుకోలేదు.

ఫోను మోగింది. అవతల అమెరికా నుంచి మనవడు. టెక్సాస్‌లో, డాలస్ పక్కన ఫ్రిస్కో అనే ఊళ్లో ఉంటాడు. పద్నాలుగేళ్లవాడు. అక్కడింకా శనివారం రాత్రే.

‘తాతయ్యా, లిస్టు అయిపోయిందా?’

‘అయిందిరా నాన్నా. నీదో?’

‘నాది ఇప్పుడే మొదలైంది. ఏప్రిల్ దాకా టైముంది కదా!’

ఆ పిల్లాడు రాస్తున్నది క్రికెట్ జాబితా కాదు. వాళ్లూళ్లో ఫుట్‌బాల్ జట్టు డాలస్ కౌబాయ్స్. ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తే అమెరికా ఆట. ఆ జట్టు కార్యాలయం, ప్రాక్టీసు మైదానం ఉన్నది ఫ్రిస్కోలోనే. ఏటా ఏప్రిల్లో ఆ జట్లన్నీ కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్లని పంచుకుంటాయి. ఆ పంపకాన్ని ‘డ్రాఫ్ట్’ అంటారు. ఎవరిని తీసుకుంటే కౌబాయ్స్ బాగుపడుతుందో లెక్కలేసి రాసుకోవడం అక్కడి అభిమానులకి ఓ పెద్ద పండగ. స్కూలు బస్సుల్లో పిల్లల దగ్గర్నుంచి ఆఫీసుల్లో పెద్దల దాకా అందరి దగ్గరా ఓ జాబితా ఉంటుంది. పేపర్లలో, టీవీల్లో జాబితాలు రాయడమే వృత్తిగా బతికేవాళ్లూ ఉన్నారు.

తాతా మనవల మధ్య సముద్రాలున్నా రోగం మాత్రం ఒకటే.

ఓడినవాడికి ముందు వడ్డన

‘మీ దాంట్లో పాటెంత దాకా వెళ్తుందిరా?’ అనడిగారు తాతయ్య. ఆయనకి పాటంటే తెలుసు. కొబ్బరితోట పాటలు, చేపల చెరువు పాటలు, గోదావరి మీద రేవుపాటలు చూసిన మనిషి. ఎవరి దగ్గర సొమ్ముంటే వాడిదే సరుకు.

‘పాట లేదు తాతయ్యా. వంతులు.’

‘వంతులా? మొదటి వంతెవరిది?’

‘లాస్ట్ వచ్చినవాళ్లది.’

తాతయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నలభై ఏళ్లు బడిలో మొదటి ర్యాంకు వాడికే బహుమతులిప్పించిన చేతులవి!

నిజమే. ఆ పద్ధతి ఊహించింది బెర్ట్ బెల్ అనే ఆయన. 1930ల్లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ జట్టు యజమాని. ఎప్పుడూ ఓడిపోయే జట్టు. మంచి కుర్రాడు కాలేజీ నుంచి బయటికొస్తే, డబ్బున్న గెలిచే జట్లు ఎగరేసుకుపోయేవి. దాంతో గెలిచేవాళ్లు గెలుస్తూనే ఉంటారు, ఓడేవాళ్లు ఓడుతూనే ఉంటారు. చివరికి ఆట చూడ్డానికెవరొస్తారు? అందుకని 1935లో మిగతా యజమానుల్ని కూర్చోబెట్టి ఒప్పించాడు. కిందటేడు అందరికన్నా కింద ఉన్నవాడు మొదట ఎంచుకోవాలి, కప్పు గెలిచినవాడు ఆఖర్న. బంతిలో ఆలస్యంగా వచ్చి చివర కూర్చున్నవాడికి ముందు వడ్డించినట్టన్నమాట. 1936 ఫిబ్రవరి 8న ఫిలడెల్ఫియాలోని ఓ హోటల్లో మొదటి డ్రాఫ్ట్ జరిగింది. తొమ్మిది జట్లు, తొమ్మిది రౌండ్లు, 81 మంది ఆటగాళ్లు.

మరి మొట్టమొదట ఎంపికైన కుర్రాడు ఏమయ్యాడు? పేరు జే బెర్వాంగర్. షికాగో యూనివర్సిటీ వాడు. ఎంచుకున్నది బెల్ జట్టే. కానీ అడిగినంత జీతం ఎవరూ ఇవ్వకపోవడంతో అసలు ఆ లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. తర్వాత ఫోమ్ రబ్బరు వ్యాపారంలోకి వెళ్లాడు. ఇంత పథకం వేసిన బెల్ గారి జట్టు ఆ ఏడాది 12 మ్యాచ్‌లాడి 11 ఓడింది.

ఇప్పుడా లీగులో 32 జట్లు. ఏడు రౌండ్లు. మూడు రోజుల తతంగం. 2024లో డెట్రాయిట్లో జరిగిన డ్రాఫ్ట్ చూడ్డానికి మూడు రోజుల్లో వచ్చినవాళ్లు ఏడు లక్షల డెబ్భై అయిదు వేల పైచిలుకు. ఆట కాదు, బంతీ లేదు. వేదిక మీద ఓ పెద్దమనిషి పేర్లు చదువుతాడు... అంతే! పుష్కరాలకి వచ్చినట్టు జనం.

ఈ పద్ధతిలో ఓ చిక్కుంది. మనవడే చెప్పాడు. అప్పటికి కౌబాయ్స్ పది మ్యాచ్‌లాడి ఏడు ఓడిపోయింది. ఇక కప్పు ఆశ లేదు. అలాంటప్పుడు ఇంకా ఓడితేనే మంచిది... వంతు ముందుకొస్తుంది! సొంత జట్టు ఓడిపోవాలని దణ్ణం పెట్టుకునే అభిమాని ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉంటాడా?

ఆ రాత్రి కౌబాయ్స్‌కి వాషింగ్టన్‌తో మ్యాచ్. ఆఖరి నిమిషాల్లో ఏమేమో జరిగిపోయి 34-26తో గెలిచేసింది. పిల్లాడు అరిచి గంతులేశాడట. ఆ తర్వాత కూర్చుని, తన జాబితాలో మొదటి పేరు కొట్టేశాడట. అంతమంచి ఆటగాడు ఇక తమ వంతు దాకా మిగలడని.

ఆ జాబితా సంగతి ఏప్రిల్లో తేలింది. కౌబాయ్స్‌కి పన్నెండో వంతు దక్కింది. పిల్లాడు కోరుకున్నది దూరం నుంచి విసిరిన బంతిని ఎగిరి పట్టే ఆటగాణ్ని. చాలామంది అభిమానులు రాసుకున్నదీ అదే. అలాంటివాళ్లలో పేరున్న టెటైరోవా మెక్‌మిలన్‌ని కరోలినా జట్టు ఎనిమిదో వంతులోనే తీసుకుపోయింది. కౌబాయ్స్ తీసుకున్నది టైలర్ బుకర్ అనే గార్డుని. గార్డంటే మ్యాచ్ మొత్తంలో బంతిని ముట్టుకోనివాడు. మీదికొచ్చే ప్రత్యర్థిని ఛాతీతో ఆపడమే పని. తీర్థంలో రథం లాగేవాళ్లని అందరూ చూస్తారు గానీ, చక్రాల కింద చెక్కలు వేస్తూ పక్కన నడిచేవాణ్ని ఎవరు చూస్తారు? వాడు లేకపోతే రథం ఎవరి ఇంట్లోకి దూరుతుందో తెలీదు. పిల్లాడి జాబితాలో మొదటి ఇరవైలోనూ గార్డు లేడు.

మనవాళ్ల పద్దు

తాతయ్య జాబితాలో రెండు రంగుల సిరాలున్నాయి. నీలం రంగువి జట్టుకి కావాల్సిన పేర్లు. ఎర్ర రంగువి ‘మనవాళ్లు’. ఎర్రసిరాతో మొదటి గడిలో రాసిన పేరు మహమ్మద్ సిరాజ్. హైదరాబాదు గల్లీల్లో టెన్నిస్ బంతితో బౌలింగ్ నేర్చుకుని, ఆటో నడిపే తండ్రి కష్టంతో పైకొచ్చిన కుర్రాడు. 2017లో సన్‌రైజర్సే రెండు కోట్ల అరవై లక్షలిచ్చి తీసుకుంది. ఒక్క ఏడాదే. 2018 నుంచి ఏడేళ్లు బెంగళూరుకి ఆడాడు. ఇప్పుడు వాళ్లు వదిలేశారు. ఈసారి ఇంటికి రావాలని తాతయ్య కోరిక.

ఈ ఎర్రసిరా వెనక పెద్ద కథే ఉంది. హరికథ పాఠశాల ఉన్న ఊరు కదా, పిట్టకథ లేకుండా ఏ కథా నడవదు.

2008లో ఐపీఎల్ మొదలైనప్పుడు హైదరాబాద్ జట్టు పేరు డెక్కన్ ఛార్జర్స్. ప్రతి జట్టూ అయిదు మిలియన్ డాలర్లలోనే కొనుక్కోవాలి. సచిన్, గంగూలీ, ద్రవిడ్, సెహ్వాగ్, యువరాజ్‌లని వాళ్ల వాళ్ల ఊళ్లకే ‘ఐకాన్’లుగా ఇచ్చేశారు. ఐకాన్‌కి, ఆ జట్టులో అందరికన్నా ఎక్కువ ధర పలికినవాడి కంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. లక్ష్మణ్‌కీ ఆ హోదా వచ్చేదే. ఆయనే వద్దన్నారు. తనకిచ్చే సొమ్ముతో జట్టు ఇంకొకణ్ని కొనుక్కుంటుందని. ఆ సొమ్ము కలిసొచ్చి ఛార్జర్స్ పదమూడున్నర లక్షల డాలర్లు పెట్టి ఆండ్రూ సైమండ్స్‌ని కొనగలిగింది. ఆ వేలంలో ధోనీ తర్వాత అంత పలికినవాడు లేడు. లక్ష్మణ్ ధర మూడు లక్షల డెబ్భై అయిదు వేలు. సొంతూరి ఆటగాడు తన వాటా తగ్గించుకుని ఊరి జట్టుకి బలం కొనిపెట్టాడన్నమాట. ఈ మాట చెప్పేటప్పుడు తాతయ్య గొంతు ఇప్పటికీ కొంచెం బొంగురుపోతుంది.

ఫలితం? 14 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు. అట్టడుగు స్థానం.

అమెరికా పద్ధతైతే మరుసటేడు మొదటి వంతు ఛార్జర్స్‌దే. ఇక్కడలాంటిదేం లేదు. పెద్దగా కొన్నదీ లేదు. గిల్‌క్రిస్ట్ కెప్టెన్ అయ్యాడు. విశాఖ వేణుగోపాలరావు, హైదరాబాద్ తిరుమలశెట్టి సుమన్, స్పిన్నర్ ప్రజ్ఞాన్ ఓఝా, కుర్ర రోహిత్ శర్మ... దాదాపు ఉన్నవాళ్లతోనే దక్షిణాఫ్రికా వెళ్లి 2009 మే 24న బెంగళూరు మీద ఆరు పరుగుల తేడాతో కప్పు పట్టుకొచ్చారు. కింద నుంచి పైకి, ఒక్క ఏడాదిలో!

ఆ రోహిత్ తల్లిది విశాఖపట్నం. అందుకని తాతయ్య లెక్కలో అతనూ ఎర్రసిరానే. 2011 వేలంలో ముంబయి 20 లక్షల డాలర్లిచ్చి తీసుకుపోయింది. తర్వాత కెప్టెన్‌గా అయిదు కప్పులు... ముంబయికి.

గుంటూరులో పుట్టి హైదరాబాదుకి ఆడిన అంబటి రాయుడైతే ఐపీఎల్‌లో ముంబయికి, చెన్నైకి కలిపి పద్నాలుగు సీజన్లు ఆడి ఆరు కప్పులు చూశాడు. హైదరాబాద్ చొక్కా మాత్రం ఒక్కనాడూ వేసుకోలేదు. తిలక్ వర్మ కూడా హైదరాబాద్ పిల్లాడే. 2022లో కోటీ డెబ్భై లక్షలకి ముంబయి కొనుక్కుంది. ఈసారి ఎనిమిది కోట్లిచ్చి వేలానికే రాకుండా అట్టేపెట్టుకుంది.

‘ఇన్ని పోగొట్టుకుని ఏం సంపాదించారండీ మనవాళ్లు?’ అంది వంటింట్లోంచి నాయనమ్మ.

‘విశాఖ నితీశ్‌ని సంపాదించారు కదే!’ అన్నారు తాతయ్య, ఓటమి ఒప్పుకోని స్వరంతో. అది నిజం. 20 లక్షల కనీస ధరకి తెచ్చుకున్న నితీశ్ కుమార్ రెడ్డి 2024 సీజన్లో 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి బహుమతి గెలిచాడు. జట్టు ఆరు కోట్లిచ్చి అట్టేపెట్టుకుంది. కాకినాడ హనుమ విహారి కూడా 2013లో సన్‌రైజర్స్ మొదటి సీజన్లోనే కొత్తబంతి అందుకుని క్రిస్ గేల్‌ని ఔట్ చేశాడు. ఆ రాత్రి గోదావరి జిల్లాల్లో ఎన్ని ఇళ్లల్లో ఎంతమంది లేచి నిలబడ్డారో లెక్కలేదు.

కుర్రాళ్లకి మన దగ్గరా ఒకసారి వంతుల పద్ధతి పెట్టారు. 2008 మార్చిలో అండర్-19 ప్రపంచకప్పు గెలిచొచ్చిన పిల్లల్ని జట్లు వంతులవారీగా ఎంచుకున్నాయి. ఢిల్లీ జట్టుకి వాళ్లూరి కెప్టెన్నే తీసుకునే అవకాశం వచ్చింది. బ్యాట్స్‌మెన్ చాలినంతమంది ఉన్నారు, ఎడమచేతి బౌలరు కావాలని ప్రదీప్ సాంగ్వాన్‌ని తీసుకుంది. వదిలేసిన కెప్టెన్ని సుమారు 12 లక్షల రూపాయలకి బెంగళూరు పట్టుకెళ్లింది. అతని పేరు విరాట్ కోహ్లీ. నీలంసిరా లెక్క ఢిల్లీది తప్పని ఎవరంటారు? అవసరం చూసుకునే కదా తీసుకున్నారు. కానీ ఢిల్లీలో ఏ తాతయ్య దగ్గరో ఓ ఎర్రసిరా జాబితా ఉండే ఉంటుంది.

నాయనమ్మ జాబితాలో ఒకే పేరుంది. వార్నరు. కారణం క్రికెట్ కాదు. కరోనా రోజుల్లో ‘బుట్టబొమ్మ’ పాటకి భార్యతో కలిసి డ్యాన్స్ చేశాడని. 2016లో కెప్టెన్‌గా కప్పు కూడా తెచ్చాడని తాతయ్య గుర్తుచేస్తే, ‘అదీ ఉందా, ఇంకేం మరి!’ అంది.

చెడుగుడు రోజుల లెక్క

నాయనమ్మకి క్రికెట్ అంతంతే గానీ చెడుగుడంటే ప్రాణం. ఇప్పటివాళ్లు కబడ్డీ అంటారు. సంక్రాంతికి లంకల్లో పోటీలు పెడితే చూడకుండా ఉండలేదు. టీవీలో తెలుగు టైటాన్స్ మ్యాచ్ వస్తే సీరియల్ కూడా మానేస్తుంది. వేలమంటే ఆవిడకి బొత్తిగా నమ్మకం లేకపోవడానికి కారణం ఆ జట్టే. 2023లో పవన్ సెహ్రావత్ అనే మహా ఆటగాణ్ని రెండు కోట్ల అరవై లక్షల యాభై వేలకి కొన్నారు. కబడ్డీలో అప్పటిదాకా ఎవరికీ అంత ధర లేదు. ఆ సీజన్లో 22 మ్యాచ్‌లాడి గెలిచింది రెండు. వరసగా మూడోసారి ఆఖరి స్థానం! మళ్లీ తేరుకుని ప్లేఆఫ్స్ చూడటానికి 2025 దాకా పట్టింది.

‘ఏడుగురాడే ఆటలో ఒక్కడికే సొమ్మంతా పోస్తే మిగతా ఆరుగుర్నీ ఎక్కణ్నుంచి తెస్తారు? మా చిన్నప్పుడు జట్లు ఇలాగే పంచుకున్నామా?’ అంది.

‘మరెలా నాయనమ్మా?’ అన్నాడు ఫోనులో మనవడు.

అప్పుడు చెప్పింది. ఈ తరం పిల్లలకి తెలీదు గానీ, నలభై దాటిన ప్రతి పల్లెటూరి మనిషికీ గుర్తుండే ఉంటుంది. ఇద్దరు పెద్ద పిల్లలు నాయకులు. మిగతావాళ్లు జతలు కట్టాలి. ఎవరితో పడితే వాళ్లతో కాదు. ఒడ్డూ పొడుగూ, ఆటా సరిసమానంగా ఉన్నవాడితోనే. ఆ జత భుజాల మీద చేతులేసుకుని దూరంగా చింతచెట్టు దాకా పోయి, చెవిలో గుసగుసగా చెరో పేరూ పెట్టుకుని వస్తారు. నాయకుల ముందు నిలబడి అడుగుతారు... ‘సూర్యుడు కావాలా, చంద్రుడు కావాలా?’ మొదటి నాయకుడు ‘సూర్యుడు’ అంటే, సూర్యుడి పేరు పెట్టుకున్నవాడు అటు, చంద్రుడు ఇటు. తర్వాతి జత వచ్చినప్పుడు రెండో నాయకుడు కోరుకోవాలి. ‘మల్లెపువ్వా, సంపెంగా?’... ‘గోదావరా, కృష్ణా?’

పిల్లాడు కాసేపు మాట్లాడలేదు. లెక్కల పిల్లాడు కదా, లోపల గిలకలు తిరుగుతున్నాయి.

‘అంటే నాయనమ్మా... ఇద్దరూ ఈక్వల్ కాబట్టి రెండు టీములూ ఈక్వల్. పైగా ఎవర్ని తీసుకుంటున్నారో కెప్టెన్‌కి తెలీదు. డబ్బుల్లేవు. లాస్ట్ పికూ లేదు!’

ఆ చివరి మాటలోనే ఉంది అసలు విషయం. అమెరికా డ్రాఫ్ట్‌లో అందరికన్నా ఆఖర్న ఎంపికైనవాడికి ‘మిస్టర్ ఇర్రెలెవెంట్’ అని బిరుదు. తెలుగులో చెప్పాలంటే ‘లెక్కలో లేనివాడు’. దానికో సరదా ఉత్సవం కూడా చేస్తారు. 2022లో అలా 262వ వాడిగా మిగిలిన బ్రాక్ పర్డీ రెండేళ్లు తిరక్కుండా శాన్‌ఫ్రాన్సిస్కో జట్టుని సూపర్‌బౌల్ ఫైనల్‌కి తీసుకెళ్లాడు. ఏడు సూపర్‌బౌళ్లు గెలిచిన టామ్ బ్రాడీ 2000 సంవత్సరంలో 199వ వాడు. అంటే అతని కన్నా ముందు 198 సార్లు పెద్దపెద్ద నిపుణులు ఇంకొకరి పేరు చదివారన్నమాట! మన వేలంలో అయితే ఆ బిరుదూ ఉండదు. సుత్తి పక్కన పెట్టి ‘అన్‌సోల్డ్’ అంటారు. జెద్దాకి 577 మంది పేర్లు వెళితే రెండు రోజుల్లో అమ్ముడైంది 182 మంది. మిగతావాళ్లు తమ పేరు పలికి, గదిలో ఎవరూ చెయ్యెత్తకపోవడాన్ని అమ్మానాన్నలతో కలిసి టీవీలో చూడాలి.

చింతచెట్టు పద్ధతిలో ఆ బాధ లేదు. ఆట రాని బక్కపిల్లాడికీ ఇంకో బక్కపిల్లాడు జత. వాడూ సూర్యుడో చంద్రుడో అయ్యే నాయకుడి ముందుకొస్తాడు. ‘వీడు నాకొద్దు’ అనేవాడుండడు. ఉన్న దొంగతనమల్లా ఒకటే. నాయకుడు తన స్నేహితుడికి ముందే చెప్పిపెట్టేవాడు... ‘నువ్వెప్పుడూ గోదావరి పెట్టుకోరా, నేనదే కోరుకుంటా’ అని. గోదావరి ఒడ్డున పుట్టిన పిల్లలు ఇంకేం కోరుకుంటారని ఎవరికీ అనుమానం కూడా వచ్చేది కాదు!

‘తాతయ్యా, మనం ఆడదామా?’ అన్నాడు మనవడు.

‘ఫోనులో చెడుగుడా?’

‘కాదు. ఇద్దరు బౌలర్లు. ఇద్దరూ ఇండియాకి ఆడినవాళ్లే. ఫాస్ట్ బౌలర్లే. ఒకడికి గోదావరి, ఇంకొకడికి కృష్ణ అని పెట్టా. నీకెవరు కావాలి?’

తాతయ్య ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ‘గోదావరే!’

‘సిరాజ్!’ అని అరిచాడు వాడు. ఆ అరుపుకి ఫ్రిస్కోలో వాళ్లమ్మ నిద్రలేచింది. ‘కృష్ణ ఎవరో తెలుసా? షమీ.’

వాడు కావాలనే ఆ పేరు అక్కడ పెట్టాడని తాతయ్యకి తెలుసు. అయినా ఎర్రసిరా పేరు చుట్టూ ఓ సున్నా చుట్టారు.

జెద్దాలో సాయంత్రం

మూడున్నరకి వేలం మొదలైంది. ఫ్రిస్కోలో తెల్లవారుజాము నాలుగు. పిల్లాడు అలారం పెట్టుకుని లేచాడు. ఫోను స్పీకర్లో పెట్టి టీవీ పక్కన ఆనించారు.

జట్టుకి 120 కోట్లు. అందులో అట్టేపెట్టుకున్న అయిదుగురికే 75 కోట్లు అయిపోయాయి. క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, అభిషేక్ శర్మకి, హెడ్‌కి 14 చొప్పున, నితీశ్‌కి 6. చేతిలో ఉన్నది 45. తాతయ్య సిరాజ్‌కి పది కోట్లు కేటాయించారు. పెళ్లికి బంగారం కొనడానికి వెళ్లినట్టే ఉంది. కొనాల్సిన జాబితా పెద్దది, సంచీ చిన్నది.

మొదటి విడతలోనే రిషభ్ పంత్ 27 కోట్లు పలికాడు. తాతయ్య జాబితాలో లేడు కాబట్టి ఆయన కంగారుపడలేదు. తర్వాతి విడతలో షమీ పేరొచ్చింది. పాట పెరుగుతోంది. ఆఖర్న హైదరాబాద్ బల్ల దగ్గర చెయ్యి లేచింది. పది కోట్లు... సుత్తి పడింది.

తాతయ్య క్యాలెండరు కాగితం కేసి చూసుకున్నారు. పది కోట్లే. అంకె సరిపోయింది. పేరే మారింది.

మరి కాసేపటికి సిరాజ్. చెన్నై, రాజస్థాన్, గుజరాత్ పోటీపడ్డాయి. హైదరాబాద్ బల్ల కదల్లేదు. పన్నెండు కోట్ల పాతిక లక్షలకి గుజరాత్ టైటాన్స్ పట్టుకుపోయింది.

‘తాతయ్యా... లైన్లో ఉన్నావా?’

‘ఉన్నారా.’

‘షమీ బెటర్ తాతయ్యా. వరల్డ్ కప్పులో హయ్యెస్ట్ వికెట్స్ వాడివే.’

‘తెలుసురా.’

తెలుసు. 2023 ప్రపంచకప్పులో షమీ 24 వికెట్లు తీశాడు. నీలంసిరాతో షమీ పేరు కూడా ఆ కాగితం మీద ఉంది. జట్టు చేసింది తప్పని ఆయన అనలేకపోయారు. అదే ఆయన బాధ.

ఆ రాత్రి వార్నర్ పేరు కూడా పలికారు. గదిలో ఒక్క చెయ్యీ లేవలేదు. ‘అదేంటండీ, ఊరికే ఇస్తామన్నా వద్దంటారా?’ అంది నాయనమ్మ. మర్నాడు మళ్లీ పిలుస్తారేమోనని రెండో రోజు కూడా టీవీ ముందు కూర్చుంది. తర్వాత 2025 మార్చిలో అతను ‘రాబిన్‌హుడ్’ అనే తెలుగు సినిమాలో కనిపించాడని తెలిశాక గానీ శాంతించలేదు.

ఆ సీజన్లో షమీ తొమ్మిది మ్యాచ్‌లాడి ఆరు వికెట్లు తీశాడు. జట్టు ఆరో స్థానంతో సరిపెట్టుకుంది. ఆ ఏడాది నవంబరులో షమీని లక్నోకి బదిలీ చేశారు. నీలంసిరా ఎంత గట్టిదైనా గాయాలనీ, వయసునీ, అదృష్టాన్నీ కాగితం మీద రాయలేం కదా. జాబితా రాయడంలో మజా అంతా అక్కడే ఉంది గానీ, డబ్బు పెట్టేవాడికి అది మజా కాదు.

కానీ ఇవన్నీ తేలేలోపే ఇంకో ఆదివారం వచ్చింది. 2025 ఏప్రిల్ 6. శ్రీరామనవమి. పందిట్లో కల్యాణం అయిపోయి, పానకం, వడపప్పు పంచిపెట్టి, జనం ఇళ్లకి చేరాక రాత్రి ఏడున్నరకి ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్. సన్‌రైజర్స్, గుజరాత్. కొత్తబంతి సిరాజ్ చేతిలో.

మొదటి ఓవర్లోనే ట్రావిస్ హెడ్ ఔట్. కాసేపటికి అభిషేక్ శర్మ ఔట్. ఉప్పల్లో నారింజ చొక్కాల జనం గప్‌చుప్. నాలుగు ఓవర్లు, 17 పరుగులు, నాలుగు వికెట్లు. హైదరాబాద్ 152 దగ్గర ఆగిపోయింది. గుజరాత్ ఇంకా ఇరవై బంతులు మిగిలుండగానే ఏడు వికెట్ల తేడాతో గెలిచేసింది. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఎవరో చెప్పక్కర్లేదు.

నాయనమ్మ పక్కనుంచి చూస్తూనే ఉంది. హెడ్ ఔటైనప్పుడు ఆయన నుదురు కొట్టుకున్నారు. అభిషేక్ ఔటైనప్పుడు ‘అయ్యో’ అన్నారు. మూడో వికెట్ పడ్డప్పుడు కుర్చీలో ముందుకి జరిగారు. నాలుగోదానికి మాత్రం చేతులు వాటంతటవే కలిసి చప్పట్లు కొట్టేశాయి. కొట్టి, ఎవరైనా చూశారా అని చుట్టూ చూశారు.

ఫోను మోగింది. ఫ్రిస్కోలో ఆదివారం మధ్యాహ్నం కావస్తోంది.

‘చూశావా తాతయ్యా? ఓడిపోయాం కదా!’

‘చూశాన్రా నాన్నా,’ అన్నారు తాతయ్య. ‘ఏం వేశాడ్రా మనవాడు!’